దొడ్డి ఇంట్లోకొచ్చిన కథ

అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. భీమవరంలో మా ఇంటి దొడ్డేమో పెరటి చివర, వంటింటి గుమ్మానికి సరిగ్గా ముప్పై అడుగుల దూరంలో ఉంది. వానాకాలం రాత్రుళ్ళు ఓ చేత్తో గొడుగు, ఇంకో చేత్తో టార్చిలైటు, కింద పాచి పట్టిన రాళ్ళు. "ఇంట్లోకి మార్పించేద్దాంలే అమ్మా" అని హైదరాబాదు నుంచి ఫోన్లో చాలా తేలిగ్గా అనేశాను. ఓ ఫైలుని ఈ ఫోల్డర్లోంచి ఆ ఫోల్డర్లోకి లాగి పడెయ్యడం లాంటిదే కదా అనుకున్నాను. మన వృత్తి దోషం.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు తాపీ మేస్త్రిని పిలిపించాం. "ఆయ్, మార్చొచ్చండి. వాటం రావాలి కదండీ మరి" అన్నాడాయన. విషయమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. నాలుగంగుళాల గొట్టంలో మలం, నీళ్ళు కలిసి పోవాలంటే నలభై అడుగులకి ఓ అడుగు పల్లం ఉండాలి. మరీ చదునుగా వేస్తే గట్టిది మధ్యలో ఆగిపోతుంది. ముప్పై అడుగులకి తొమ్మిదంగుళాలన్నమాట. మా ఇంటి గచ్చు పెరటి కంటే అడుగున్నర ఎత్తుండబట్టి బతికిపోయాం. మేడ మీది అపార్ట్‌మెంట్లో అయితే ఈ తొమ్మిదంగుళాలు ఎక్కణ్ణుంచి తేవాలి? గచ్చు లేపాలి, లేదా కింద వాళ్ళ సీలింగులోకి దిగాలి. కమోడ్ ఓ మూడడుగులు పక్కకి జరపమంటే ప్లంబర్ మొహం ఎందుకలా పెడతాడో అప్పుడర్థమైంది నాకు.

సరే, అసలు సంగతికొస్తాను. పాత దొడ్డి వెనక మొక్కలు నరికిస్తుంటే ప్రహరీ గోడ అడుగున, నేల బారుగా, అడుగున్నర వెడల్పున ఇటుకలతో మూసేసిన కంత ఒకటి బయటపడింది. పక్కన తుప్పు పట్టిన బందు. కుక్కలు దూరకుండా మూశారేమో అన్నాను. మేస్త్రి నవ్వలేదు. "అది తలుపండీ. సందులోంచి వచ్చి ఎత్తుకెళ్ళేవోరు" అన్నాడు.

ముప్పై అడుగుల దూరానికి కారణం అదీ. నేను అప్పటిదాకా అది వాస్తు అనుకున్నాను, వాసన అనుకున్నాను. అవీ ఉన్నాయేమో. కానీ దొడ్డిని పెరట్లో ఏ మూలైనా కట్టొచ్చు, సరిగ్గా సందు గోడకి ఆనించి కట్టడం ఎందుకు? ఎత్తే మనిషి ఇంట్లోకి అడుగు పెట్టకుండా పని అయిపోవాలి కాబట్టి. మన భాషే చెప్తోంది చూడండి. దొడ్డంటే పెరడు, పశువుల్ని కట్టే చోటు. "దొడ్డికెళ్ళడం" అంటే మొదట చోటు పేరు, తర్వాత పని పేరు అయిపోయింది. "మరుగు" తర్వాత వచ్చి చేరింది.

అమ్మ 1971లో ఆ ఇంటికి కాపురానికొచ్చింది. రోజూ పొద్దున్నే ఒకావిడ బుట్ట, రేకు, బూడిద పట్టుకుని సందులో వచ్చేదట. పండక్కి పాత చీర, మిగిలిన అరిసెలు గోడ మీద పెట్టేవారట. పేరేంటని అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించి "తెలీదురా, ఎప్పుడూ అడగలేదు" అంది. ఎనభైల్లో నీళ్ళ దొడ్డి కట్టాక ఆవిడ రావడం మానేసింది.

నీళ్ళ దొడ్డిలో కిటుకంతా బేసిన్ కింద వంపులో ఉంది. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలబడి గొట్టంలోని కంపుని పైకి రానివ్వవు. లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల పనివాడు 1775లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. దొడ్డి మంచం పక్కకి రాగలిగింది ఆ రెండంగుళాల నీళ్ళ వల్లే. మనకైతే ఊళ్ళలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేదు, ఫ్లష్ చెయ్యడానికి బిందెల కొద్దీ నీళ్ళూ లేవు. 1970లో బీహార్‌లో బిందేశ్వర్ పాఠక్ మొదలుపెట్టిన సులభ్ సంస్థ, చెంబుడు నీళ్ళతో పనయ్యే, రెండు గోతుల దొడ్డిని ఊరూరా తిప్పింది. ఒక గొయ్యి నిండితే రెండోది వాడతారు, ఈలోగా మొదటిది ఎండి ఎరువైపోతుంది. ఎత్తే మనిషితో పనిలేదు.

అయితే ఆ గోతులు మా డెల్టాలో అంత బాగా నప్పవు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి కాలవల నీళ్ళు ఊళ్ళోకొచ్చాయి, దాంతో పాటు నేలలో నీరూ పైకొచ్చింది. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే ఊట. గొయ్యి ఇంకదు సరికదా, ఎదురు పొంగుతుంది. అందుకే ఇక్కడందరూ సెప్టిక్ ట్యాంకే కడతారు, అది కూడా వేసవిలో కాలవలు కట్టేశాకే.

చట్టం చాలా ఆలస్యంగా వచ్చింది. మనుషుల చేత ఎత్తించడాన్ని, అలాంటి దొడ్లు కట్టడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు 1993లో చట్టం చేస్తే, అది ఆంధ్రప్రదేశ్‌లో అమల్లోకొచ్చింది 1997 జనవరి 26న. అమలు ఎంత బాగుందంటే, 2011 జనాభా లెక్కల్లో కూడా దేశంలో మనుషులు ఎత్తే దొడ్లు దాదాపు 8 లక్షలు తేలాయి. దీని మీద 2003లో సుప్రీంకోర్టుకెళ్ళింది సఫాయి కర్మచారీ ఆందోళన్. దాన్ని నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో ఉన్న ఓ తెలుగు దళిత కుటుంబంలో 1966లో పుట్టారు. ఆయన ఇంట్లోవాళ్ళు చేసింది ఆ పనే. మన రాష్ట్రంలో ఎంతోమంది గౌరవించే ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ రిటైరయ్యాక ఈ ఉద్యమానికి వెన్నుదన్నుగా నిలిచారు. 2013లో ఇంకాస్త గట్టి చట్టం, 2014 మార్చి 27న తీర్పు వచ్చాయి. డ్రైనేజీల్లో, ట్యాంకుల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకి 10 లక్షలివ్వాలంది కోర్టు. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పెంచాల్సి వచ్చిందంటే మనుషులు ఇంకా దిగుతున్నారనేగా!

మే నెలలో పని అయింది. అమ్మ గదికి ఆనించి బాత్రూం, కమోడ్, పక్కన పట్టుకోడానికి స్టీలు రాడ్డు. ట్యాంకు కొత్తది కట్టాం. పాతదాన్ని ఖాళీ చేయించేటప్పుడు మెషిన్ వాడు గొట్టం పెట్టి లాగాక, "అడుగున మట్టి గడ్డకట్టిందండీ, కుర్రోడు దిగి ఓ అరగంటలో తీసేస్తాడు, ఐదొందలియ్యండి" అన్నాడు. ఆ కుర్రాడికి పాతికేళ్ళు కూడా ఉండవు, అప్పటికే చొక్కా విప్పేశాడు. వద్దన్నాను. నీళ్ళు కొట్టి, కలిపి మళ్ళీ లాగించడానికి ఇంకో మూడు గంటలు, ఇంకో రెండు వేలు పట్టింది. పక్కింటాయన నన్నో వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఆ కుర్రాణ్ణి పేరడిగాను. చెప్పాడు. సాయంత్రం టీలు ఇచ్చేటప్పుడు అమ్మ వాణ్ణి పేరు పెట్టి పిలిచి, మీదే ఊరు బాబూ, మీ అమ్మావాళ్ళు ఏం చేసేవారు అని చాలాసేపు మాట్లాడింది. మా సందులో వచ్చినావిడ గురించి వాడికేమైనా తెలుసేమోనని. వాడికి తెలీదు.