ధర, బేరం, కొసరు: భారతీయ కొత్త కార్ల విపణి చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కొత్త కారు కొనేటప్పుడు జరిగే బేరాన్ని కొనుగోలుదారు నేర్పుకు సంబంధించిన విషయంగా భావించడం పరిపాటి. 1950ల నుండి 2021 వరకు భారతీయ కార్ల విపణిలో వచ్చిన మార్పులను గమనిస్తే బేరానికి ఎంత చోటు ఉండాలో నిర్ణయించినవి సరకు లభ్యత, ప్రభుత్వ నియంత్రణ, తయారీ సంస్థలు డీలర్లపై విధించిన కట్టుబాట్లు అని తెలుస్తుంది. తెలుగు వ్యవహారంలోని ‘బేరం’, ‘కొసరు’ అనే మాటల వెలుగులో ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బేరం, కొసరు, దళారి, ధరల నియంత్రణ, డీలరు, డిస్కౌంటు, పోటీ చట్టం.

1. ‘బేరం’ అనే మాట

తెలుగులో ‘బేరం’ అనే మాటకు అర్థవిస్తృతి ఎక్కువ. అది వర్తకానికి పేరు. ధర తగ్గించమని అడగడానికీ పేరు. కొనడానికి వచ్చిన మనిషికి కూడా పేరే. ‘ఇవాళ బేరాలు లేవు’ అని దుకాణదారుడు అంటే అమ్మకాలు లేవని అర్థం. ‘బేరం తగిలింది’ అని ఆటో నడిపే వ్యక్తి అంటే ప్రయాణికుడు దొరికాడని అర్థం. అమ్మకమూ, అమ్మకంలోని వాదులాటా ఒకే మాటలో ఇమిడిపోవడాన్ని బట్టి, వాదులాట లేని అమ్మకాన్ని ఈ వ్యవహారం ప్రత్యేకంగా ఊహించలేదని చెప్పవచ్చు. ‘ఖరీదు’ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. పారసీకంలో కొనుగోలు అనే అర్థం గల ఆ మాట తెలుగులో వెల అనే అర్థంలో స్థిరపడింది. కొనడం పూర్తయ్యాకే వెల తేలుతుందన్న అనుభవం దాని వెనుక ఉందేమో!

బేరానికి తోబుట్టువు కొసరు. కొలిచి ఇచ్చినదానిపై మరికొంత అడిగి తీసుకోవడం కొసరు. ధర తగ్గించడం అమ్మేవాడికి ఇష్టం లేకపోయినా కొసరు వేయడం వల్ల అతని మాట నిలుస్తుంది, కొనేవాడి మనసూ నిండుతుంది. కూరగాయల గంప దగ్గర కరివేపాకు రెబ్బగా కనిపించే ఈ కొసరు కార్ల షోరూములో ఏ రూపం దాల్చిందో ముందు ముందు చూడవచ్చు.

2. సంత నుండి షోరూముకు

బేరానికి పరిపూర్ణమైన రంగస్థలం పశువుల సంత. ఎద్దు పళ్లు చూసి వయసు కడతారు. సుడులు చూసి శుభాశుభాలు ఎంచుతారు. నడిపించి, కాడి మోపి పనితనం తెలుసుకుంటారు. ఆ తరువాత దళారి తుండుగుడ్డ కింద చెయ్యి పట్టుకొని వేళ్లు నొక్కి ధర చెబుతాడు. దక్షిణ భారతంలోని పశువుల సంతలలో ఈ పద్ధతి విస్తృతంగా కనిపిస్తుంది. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ఎంతకు తెగిందో ఆ రెండు చేతులకే తెలుస్తుంది. పక్కవాడి బేరం తన బేరానికి ప్రమాణం కాకుండా ఆ గుడ్డ కాపాడుతుంది.

ఎద్దుల విషయంలో ఈ తతంగానికి అర్థం ఉంది. ఏ రెండు ఎద్దులూ ఒకటి కావు. కొత్త కారు అటువంటిది కాదు. ఒకే నమూనాకు చెందిన, ఒకే నెలలో తయారైన రెండు కార్లు ఒకటే. పరీక్షించి తేల్చవలసిన తేడా సరకులో లేనప్పుడు బేరం ఎందుకు మిగిలింది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం ముందుగా అమెరికా అనుభవాన్ని గమనించాలి. కార్ల డీలర్ల వ్యవస్థ మొదట పెద్దఎత్తున రూపుదిద్దుకొన్నది అక్కడే.

పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలకే ఫిలడెల్ఫియాలోని జాన్ వానమేకర్ దుకాణం వంటి పెద్ద అంగళ్లు అందరికీ ఒకే ధర అనే పద్ధతిని స్థిరపరిచాయి. కానీ కారు ఆ అంగళ్ల బాట పట్టక గుర్రాల సంత సంప్రదాయాన్నే అందుకొంది. పాత గుర్రాన్ని ఇచ్చి కొత్త గుర్రాన్ని తీసుకొన్నట్లే పాత కారును ఇచ్చి కొత్త కారును తీసుకొనే అలవాటు స్థిరపడటం ఇందుకు ఒక ముఖ్య కారణం. పాత కారు వెల ఎవరికి వారు కట్టవలసిందే. దానితో ముడిపడిన కొత్త కారు వెల కూడా స్థిరంగా నిలవలేదు. డీలర్లు ముందు ధరను పెంచి, తరువాత పెద్ద తగ్గింపు ఇచ్చినట్లు చూపేవారు. దీనిని అరికట్టడానికి ఓక్లహోమా సెనేటరు మైక్ మన్‌రోనీ చొరవతో 1958లో ఒక చట్టం వచ్చింది. తయారీదారు సూచించిన ధర, అదనపు హంగుల వెల, రవాణా ఖర్చు చూపే చీటీని ప్రతి కొత్త కారు అద్దానికీ అతికించాలనీ, కొన్నవారి చేతికి చేరేవరకు దానిని తొలగించకూడదనీ ఆ చట్టం నిర్దేశించింది. చీటీ వచ్చినా బేరం పోలేదు. అయితే ఎక్కడి నుండి కిందికి దిగాలో కొనేవాడికి మొదటిసారి తెలిసింది.

ఆ చీటీ కూడా అందరికీ ఒకే మేలు చేయలేదు. 1991లో హార్వర్డ్ లా రివ్యూలో ఇయన్ ఎయర్స్ ప్రచురించిన పరిశోధన ఇందుకు సాక్ష్యం. షికాగో ప్రాంతపు డీలర్ల వద్దకు వెళ్లిన పరీక్షకులు ఒకే విధంగా తర్ఫీదు పొంది, ఒకే పద్ధతిలో బేరమాడారు. అయినా శ్వేతజాతి పురుషులకు చెప్పిన ధర కంటే స్త్రీలకూ, నల్లజాతి వారికీ చెప్పిన ధర ఎక్కువగా తేలింది. పై ప్రశ్నకు సమాధానం ఇక్కడ లభిస్తుంది. సంతలో పళ్లు చూసేది ఎద్దుకు. షోరూములో చూసేది కొనడానికి వచ్చిన మనిషికి. అందువల్ల బేరాన్ని కేవలం చమత్కారంగా, వేడుకగా వర్ణించే ధోరణిని కొంత అనుమానంతో చూడవలసి ఉంది.

3. నియంత్రణ కాలం: ధరకు బదులు వంతు

భారతదేశంలో కథ ఇందుకు దాదాపు తలకిందులుగా మొదలైంది. 1951 నాటి పరిశ్రమల (అభివృద్ధి, క్రమబద్ధీకరణ) చట్టంతో లైసెన్సుల వ్యవస్థ ఏర్పడింది. విడిభాగాలు తెచ్చి బిగించడంతో సరిపెట్టక, దేశంలోనే తయారీ చేపట్టే సంస్థలకే అవకాశం ఉండాలన్న విధానం 1953 నాటి టారిఫ్ కమిషన్ నివేదికతో బలపడింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వంటి విదేశీ సంస్థలు ఆ దశాబ్దంలో తప్పుకొన్నాయి. కార్ల విపణిలో ప్రధానంగా మిగిలినవి మూడు: అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్, ఫియట్ నమూనాలను తయారుచేసిన బొంబాయిలోని ప్రీమియర్, మద్రాసులోని స్టాండర్డ్.

సరకు తక్కువ, అడిగేవారు ఎక్కువ. అటువంటి చోట ధర పైకి ఎగబాకకుండా ప్రభుత్వం నియంత్రణ ఉత్తర్వులు తెచ్చింది. 1969 ఉత్తర్వు కింద నిర్ణయించిన ధరల వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. ‘ప్రీమియర్ ఆటోమొబైల్స్’ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో కార్ల ధరలను పరిశీలించడానికి ప్రత్యేక విచారణ సంఘం ఏర్పడింది. న్యాయమైన ధర అంటే వినియోగదారుకు న్యాయంగా ఉంటూనే తయారీదారుకు తగిన లాభం మిగిల్చేదై ఉండాలని న్యాయస్థానం నిర్ధారించింది. ఇనుము ధర, కూలి, పెట్టుబడిపై రాబడి వంటివి లెక్కగట్టి కారు వెల తేల్చే పని న్యాయస్థానం ముందుకు రావడం ఈ కాలపు స్వభావాన్ని చక్కగా పట్టిస్తుంది. బేరం జరిగింది ప్రభుత్వానికీ తయారీదారుకూ మధ్య. కొనేవాడు ఆ బేరంలో లేడు.

అతనికి మిగిలింది వంతు. డిపాజిట్టు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడటం, ప్రభుత్వ కోటాలో పేరు ఎక్కించుకోవడానికి పలుకుబడి వెతుక్కోవడం ఆనాటి మధ్యతరగతి అనుభవంలో భాగం. ఇక్కడ ఒక విశేషాన్ని గుర్తించాలి. ధర మీద బేరం మూసుకుపోగానే అది వంతు మీదికి మళ్లింది. వంతు వచ్చిన కారు అసలు ధరకు మించిన ‘ప్రీమియం’తో చేతులు మారేది. కొత్త కారు కంటే అప్పుడే చేతికి వచ్చిన కారుకు ఎక్కువ వెల పలకడం మామూలు విపణి తర్కానికి పొసగదు. కొరత తర్కానికి మాత్రం చక్కగా పొసగుతుంది. డీలరు ఈ దశలో వర్తకుడి కంటే రేషను దుకాణదారుకు దగ్గరగా కనిపిస్తాడు. అతను అమ్మనక్కరలేదు, పంచితే చాలు. కొసరు అడిగే సాహసం ఎవరికీ ఉండేది కాదు.

1981లో ఏర్పడిన మారుతి ఉద్యోగ్, జపానుకు చెందిన సుజుకి సహకారంతో 1983 డిసెంబరులో కార్లను కొనుగోలుదారులకు అందించడం ప్రారంభించింది. నమూనా మారింది, నాణ్యత మారింది. వరుస మాత్రం వెంటనే మారలేదు.

4. ధర విడివడిన తరువాత

1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగిపోయింది. దశాబ్దం ముగిసేలోగా దేవూ, ఫోర్డ్, హ్యుందాయ్ వంటి విదేశీ సంస్థలు వచ్చాయి. 1998లో శాంత్రో, ఇండికా విడుదలయ్యాయి. సరకు కొనేవాడి కోసం ఎదురుచూసే స్థితి మొదటిసారి ఏర్పడింది. షోరూము గాజు గోడల వెనుక కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి మాట్లాడే మర్యాద ఈ కాలపు సృష్టి.

ఈ దశలో బేరానికి బలం ఎక్కడి నుండి వస్తుందో స్పష్టంగా చెప్పుకోవచ్చు. డీలరు చాలావరకు అప్పు తెచ్చి కంపెనీ నుండి కార్లు కొంటాడు. ప్రాంగణంలో నిలిచిన ప్రతి కారూ అతనికి వడ్డీ భారమే. నెలాఖరుకూ, మూడు నెలల గడువు చివరికీ చేరుకోవలసిన అమ్మకాల లక్ష్యాలు వేరే ఉంటాయి. డిసెంబరు దాటితే కారు తయారీ సంవత్సరం పాతబడుతుంది. తిరిగి అమ్మేటప్పుడు ఆ అంకె వెలను తగ్గిస్తుంది. డిసెంబరులో తగ్గింపులు వెల్లువెత్తడానికి కారణం ఇదే. ఈ సంగతులు తెలిసిన కొనుగోలుదారు గొంతు పెంచనవసరం లేదు. తయారీ నెల అడిగి, అదే కంపెనీకి చెందిన మరో డీలరు ఇచ్చిన ధర చీటీ చూపితే సరిపోతుంది.

అయితే అడగవలసిన ధర ఏది? డబ్బాలో కట్టి అమ్మే వస్తువుపై గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటుంది. కారుపై అటువంటి ముద్ర లేదు. షోరూము ధర ఒకటి. దానిపై జీవితకాల పన్ను, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, ఇతర ఖర్చులు చేరి రోడ్డు మీదికి వచ్చే ధర మరొకటి. ప్రభుత్వానికి చెల్లించే పన్నులో బేరానికి చోటు లేదు. ఇన్సూరెన్సులో ఉంది, నిర్వహణ ఖర్చుల పేరిట చేర్చే మొత్తంలో ఇంకా ఎక్కువగా ఉంది. షోరూము ధరలో ఇరవై వేలు తగ్గించి, ఈ రెండింటిలో ఆ మేరకు రాబట్టుకొనే వెసులుబాటు డీలరుకు ఉన్నందున, ఒక్కొక్క అంశం విడిగా చూడని బేరం గెలిచినట్లు కనిపించి ఓడిపోతుంది. డీలరు చూపిన ఇన్సూరెన్సునే తీసుకోవాలన్న నిర్బంధం లేకుండా బీమా నియంత్రణ సంస్థ 2017లో డీలర్లకు మార్గదర్శకాలు జారీచేసింది.

కొసరు తిరిగి వచ్చింది కూడా ఈ దశలోనే. కాళ్ల కింద పరిచే చాపలు, సీటు తొడుగులు, బురద రేకులు, ఒక్కోసారి మొదటి ఏడాది ఇన్సూరెన్సు! ధర చీటీలో అంకె చెక్కుచెదరదు. కారు మాత్రం నిండుగా ఇంటికి వస్తుంది. దీనిని కేవలం సంప్రదాయపు కొనసాగింపుగా భావించడం పొరపాటు. ధర తగ్గించే స్వేచ్ఛ డీలరుకు ఎంతవరకు ఉందన్న ప్రశ్న ఇందులో దాగి ఉంది.

5. తుండుగుడ్డ కింద మూడో చెయ్యి

ఆ ప్రశ్నకు భారత పోటీ కమిషన్ ఉత్తర్వులలో సమాధానం దొరుకుతుంది. డీలర్లు ఇచ్చే తగ్గింపులపై పరిమితి విధించి, దానిని అమలు చేసిందన్న ఆరోపణపై 2017లో కమిషన్ హ్యుందాయ్ సంస్థకు రూ.87 కోట్ల జరిమానా విధించింది. మరుసటి ఏడాది అప్పీలు ట్రిబ్యునల్ దానిని కొట్టివేసింది. 2021 ఆగస్టులో మారుతి సుజుకికి ఇటువంటి అభియోగంపైనే రూ.200 కోట్ల జరిమానా పడింది. ఆ ఉత్తర్వుపై సంస్థ అప్పీలు చేసుకొంది. న్యాయపరమైన తుది ఫలితం ఎలా ఉన్నా, ఈ రెండో ఉత్తర్వు నమోదు చేసిన వివరాలు చరిత్రకారుడికి విలువైనవి.

కమిషన్ నిర్ధారణ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన మేరకు మించి తగ్గింపు గానీ, ఉచిత వస్తువులు గానీ డీలరు ఇవ్వకూడదు. అంటే కొసరుకూ కొలత ఉంది. ఈ కట్టుబాటును డీలర్లు పాటిస్తున్నారో లేదో తెలుసుకోవడానికి కొన్ని సంస్థలను నియమించారు. వాటి మనుషులు మామూలు కొనుగోలుదారుల వేషంలో షోరూముకు వెళ్లి, అదనపు తగ్గింపు కోసం బేరమాడి, దొరికితే ఆధారాలతో నివేదించేవారు. దొరికిపోయిన డీలరుకే గాక, అమ్మకపు సిబ్బందికి కూడా జరిమానా పడేది.

సంతలో తుండుగుడ్డ ధరను పక్కవారి నుండి దాచింది. షోరూములో ఆ గుడ్డ కింద మూడో చెయ్యి ఉంది. ‘మా చేతుల్లో లేదండీ’ అని కుర్రాడు చెప్పే మాటను కొనుగోలుదారు ఎత్తుగడగానే తీసుకొంటాడు. ఎదుటనున్నవాడు నిజమైన కొనుగోలుదారో, వేషం వేసిన పరీక్షకుడో తెలియని ఉద్యోగి భయం ఆ మాటలో ఉండవచ్చన్నది ఈ ఉత్తర్వు చదివాక తోచే విషయం. బేరం చరిత్రలో ఈ ఉద్యోగి స్థానం ఇంతవరకు తగినంత చర్చకు రాలేదు. సంతలో దళారికి ఇరువైపులా పరిచయం ఉంటుంది. తెగిన బేరానికి అతని మాటే హామీ. షోరూము ఉద్యోగికి ఆ అధికారం లేదు, బాధ్యత మాత్రం ఉంది.

కమిషన్ తర్కంలో మరో అంశం గమనార్హం. ఒకే కంపెనీ కార్లను అమ్మే డీలర్ల మధ్య పోటీ ఉంటేనే కొనేవాడికి తక్కువ ధర దక్కుతుంది. ఆ పోటీ ఆగిపోతే ఒక డీలరు నుండి మరో డీలరు దగ్గరికి తిరిగి సంపాదించిన ధర చీటీలన్నీ ఒకే అంకె చూపుతాయి. అప్పుడు కొనేవాడు ఎంత నేర్పరి అయినా ప్రయోజనం లేదు.

మారుతి ఉత్తర్వు వెలువడిన 2021లోనే ప్రపంచవ్యాప్తంగా సెమీకండక్టర్ చిప్పుల కొరత ఏర్పడి కార్ల ఉత్పత్తి పడిపోయింది. గిరాకీ ఉన్న నమూనాలకు తగ్గింపులు కరిగిపోయాయి. బుకింగు డబ్బు కట్టి నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. పెనుకొండ దగ్గర 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కర్మాగారం కార్లకైనా ఈ విషయంలో మినహాయింపు లేదు. షోరూముకు వెళ్లినవారు ‘ఎంత తగ్గిస్తారు?’ అని అడగడం మాని, ‘ఎప్పుడు ఇస్తారు?’ అని అడగసాగారు.