వరుగులు, ఊరగాయలు, కొత్తపేట మార్కెట్

ఊరగాయ అనగానే మనకి ఆవకాయ గుర్తొస్తుంది. ఎర్రటి కారం, పైన తేలే నూనె, ఘాటైన ఆవ వాసన. తాతముత్తాతల కాలం నుంచీ ఇది ఇలాగే ఉందని అనుకుంటాం. మామిడి మనదే, ఆవాలూ మనవే. మిరపకాయ మాత్రం మనది కాదండీ! అది అమెరికా ఖండం పంట. 1492లో కొలంబస్ అటు వెళ్ళాకే మిగతా ప్రపంచానికి తెలిసింది. మన దేశానికి పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చింది. వాళ్ళు గోవాని పట్టుకున్నది 1510లో. అంటే ఎర్రటి ఆవకాయ వయసు ఎంత లెక్కేసినా అయిదు వందల చిల్లర ఏళ్ళు దాటదు.

మరి అంతకు ముందు ఏం తినేవాళ్ళు? బి.ఏ.లో తెలుగు చదివేటప్పుడు నాకు ఇష్టమైన కావ్యం శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. ఆయన రాజ్యం చేసింది 1509 నుంచి 1529 దాకా. అందులో విష్ణుచిత్తుడనే భక్తుడు ఇంటికొచ్చిన వాళ్ళకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో వరసగా చెబుతాడు రాయలు. వానాకాలం భోజనంలో వరిఅన్నం, పప్పు, పొగిచిన కూరలతో పాటు వడియాలూ వరుగులూ ఉన్నాయి. చలికాలంలో మిరియాల పొడి వేసిన వేడి కూరలు, ముక్కు అదరగొట్టే ఆవ పచ్చళ్ళు, ఊరగాయలు. కారం కావాలంటే మిరియమూ ఆవా. ఆ వడ్డనలో మిరపకాయ ఊసే లేదు. వాన రోజున వంటింటి ఇల్లాలి కళ్ళలోకి పొగ రాకుండా పొయ్యి ఎలా మండించేవారో కూడా రాశాడంటే, రాజుగారు వంటింటి దాకా చూశారన్నమాటే.

పరీక్ష కోసం చదివినప్పుడు నాకు ఆ వరుగుల విలువ తెలియలేదు. పెళ్ళై దిల్‌సుఖ్‌నగర్ వచ్చాక తెలిసింది. మా అత్తయ్యది సూర్యాపేట దగ్గర పల్లె. ఎండాకాలం రాగానే పుల్లటి మామిడికాయలు చెక్కు తీసి, నిలువుగా ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, మర్నాటి నుంచి మేడ మీద ఎండలో ఆరబెట్టేవారు. ముక్కని విరిస్తే ఫట్‌మని విరగాలి, అప్పుడే డబ్బాలోకి. వానలు పడ్డాక ఆ వరుగులు నాలుగు వేసి పప్పు చేస్తే పచ్చి మామిడికాయ లేదన్న దిగులుండదు. రాయల కాలం వానాకాలపు విస్తరికీ మా ఇంటి కంచానికీ మధ్య అంత పెద్ద దూరం లేదనిపించింది.

మేముంటున్న ఈ పక్కంతా ఒకప్పుడు ఊరి బయట. సరూర్‌నగర్ చెరువు 1626లో, కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించినది. దాని కింద పంటలు పండేవి. తర్వాత విజయవాడ రోడ్డు పొడుగునా కాలనీలు లేచాయి. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి బస్సు దిగిన వాళ్ళు అదే రోడ్డు పక్కన స్థలాలు కొనుక్కున్నారు. నూటయాభై గజాలో, రెండు వందల గజాలో. ఇల్లు కట్టగా మిగిలిన జాగాలో ఒక మామిడి, ఒక జామ, బావి పక్కన నిమ్మ, గేటు దగ్గర కరివేపాకు. ఎవరి ఊరి రుచి వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. మా అత్తయ్య పెట్టేది తొక్కు, అల్లం వెల్లుల్లి ముద్ద బాగా పడాలి. పక్కింటి గుంటూరు పిన్నిగారిది ఆవకాయ, ఆవపిండి పడాలి. "మీది కూరలాగుంది వదినా" అని ఆవిడ, "మీది ముక్కుల కొడుతది" అని ఈవిడ. అయినా ప్రతి ఏడాదీ గిన్నెలు మారేవి. రెండిళ్ళ కాయా మాత్రం ఒకే చెట్టుది, మా ఎదురింటి మామిడిది.

ఈ పనిలో ఉన్న శాస్త్రం మన పెద్దవాళ్ళకి పుస్తకాల్లో దొరికింది కాదు. ఫ్రాన్సులో నికొలా అప్పెర్ అనే మిఠాయిల వ్యాపారి ఆహారాన్ని గాజు సీసాల్లో మూతలు బిగించి, వేడినీళ్ళలో ఉడికించి నిల్వ చేసే పద్ధతి కనిపెట్టి 1810లో పుస్తకం వేశాడు. అలా చేస్తే ఎందుకు పాడవదో ఆయనకీ తెలియదు. సూక్ష్మజీవుల సంగతి పాశ్చర్ తేల్చి చెప్పడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది. మా అత్తయ్య కూడా కారణం చెప్పలేదు. తడి చెయ్యి పెట్టొద్దంది, కాయ తుడిచి ఆరాకే కొట్టమంది, ఉప్పు తగ్గించొద్దంది. ఉప్పు ముక్కలోని నీటిని లాగేస్తుంది, ఎండ ఆరగొడుతుంది, నూనె గాలి తగలనివ్వదు. నీరు చిక్కకపోతే బూజుకి బతుకులేదు. అంతే కిటుకు.

ఇంటి చెట్టు కాయ చాలని వాళ్ళకి కొత్తపేట మార్కెట్ ఉండేది. 1986లో జాంబాగ్ నుంచి గడ్డిఅన్నారానికి మార్చిన పండ్ల మార్కెట్ అది. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీనగర్‌కీ మధ్య దాదాపు 22 ఎకరాల్లో ఉండేది. ఎండాకాలంలో బంగినపల్లి లారీలు వరసలు కట్టేవి, గడ్డి వాసనా పండు వాసనా కలిసి రోడ్డు దాకా వచ్చేవి. సాయంత్రం మిగిలిన దెబ్బకాయలు అగ్గువకి ఇచ్చేవారు. ఆ రాత్రే చెడ్డ భాగం కోసి పారేసి, మిగిలింది తాండ్రకో మురబ్బాకో కేటాయించేవాళ్ళం. 2021లో ఆ మార్కెట్‌ని హయత్‌నగర్ అవతల బాటసింగారానికి తరలించారు. ఖాళీ అయిన చోట టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కానీ నడిచి వెళ్ళి సంచీ నింపుకొచ్చే దూరం పోయింది. దెబ్బకాయ కోసం ఎవరూ బాటసింగారం దాకా వెళ్ళరు కదా. దాంతో మా వీధిలో తాండ్ర చాపలు కూడా అటకెక్కాయి.

ఇక మొలకల సంగతి. ఎల్బీనగర్ వైపు ఖాళీ ప్లాట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో, తొలకరి పడిన వారానికే మా అత్తయ్య చిన్న సంచీతో బయల్దేరేవారు. గంగవాయిలి, గలిజేరు, పొన్నగంటి, తుమ్మి, చెన్నంగి. వినాయక చవితికి తుమ్మికూర వండటం తెలంగాణ ఇళ్ళల్లో రివాజు. ఎండాకాలం మొదట్లో చింతచిగురు కోసుకొచ్చి, నీడన ఆరబెట్టి, నలిపి సీసాలో పోస్తే ఏడాదంతా పప్పులోకి పులుపు. పుంటికూర నూనెలో మగ్గించి తొక్కు. పుష్యమాసంలో చింతకాయ ఉప్పూ పసుపుతో దంచి, మూడో నాడు గింజలూ పీచూ తీసి జాడీకెత్తేవారు. విత్తనం ఎవరూ వేయని ఆకుకి ధర ఉండదు, ధర లేనిదానికి అంగట్లో చోటుండదు. ఎవరో ఒకరు చేత్తో చూపిస్తేనే తెలుస్తుంది.

ఒక మాట చెప్పాలి. మూసీ పక్కనా మురుగు కాలువ పక్కనా పెరిగిన ఆకు ఎంత లేతగా ఉన్నా కొయ్యకండి. మురుగునీటిలోని సీసం లాంటి లోహాలు ఆకులోకి చేరతాయి. కడిగితే పోవు, ఎండబెడితే అసలే పోవు. గుర్తుపట్టడంలో ఏ కొంచెం అనుమానం ఉన్నా వదిలెయ్యడమే మంచిది.

ఈ ఎరుక పోకుండా పట్టుకున్న వాళ్ళు మన దగ్గరే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. అందులోని సంఘాల మహిళలు, ఎక్కువ మంది దళిత స్త్రీలు, చేలో వాటంతటవే మొలిచే కూరలని పదుల కొద్దీ పేర్లతో చెబుతారు. వాటిని కలుపు అనరు, కూర అనే అంటారు. పురుగుమందు కొడితే ముందు చచ్చేది ఆ కూరలే కాబట్టి మందు కొట్టరు. ప్రతి జనవరిలో పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పుతారు. 2019లో ఆ సంస్థకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళ విత్తనం మట్టికుండలో ఉంటుంది, పేరు మాత్రం నోట్లోనే ఉంటుంది. మాట్లాడుతూ ఉంటేనే అది నిలుస్తుంది.

మా వీధిలో అదే తెగిపోతోంది. ఎదురింటి వాళ్ళు ఇల్లు బిల్డర్‌కి ఇచ్చారు. అయిదంతస్తులు, కింద పార్కింగ్. మామిడి చెట్టు సరిగ్గా పార్కింగ్ స్థలంలో ఉంది. వాళ్ళని తప్పు పట్టలేను. ఇద్దరు పిల్లలకి వాటాలు పంచాలి, ముసలివాళ్ళకి మెట్లెక్కడం కష్టం. గుంటూరు పిన్నిగారు కూడా కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. అత్తయ్యకి చూపు తగ్గింది, కానీ ఆకు చేతిలో పెడితే నలిపి వాసన చూసి పేరు చెబుతారు. ఈ వానాకాలం నుంచి మా అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. ఒక్కో పేజీలో ఒక ఆకు అంటించి, నల్గొండ పేరు ఒకవైపు, మా అమ్మ వాళ్ళ ఖమ్మం పేరు ఒకవైపు, ఎలా వండాలో కింద రాస్తోంది. ఇప్పటికి పంతొమ్మిది పేజీలయ్యాయి.

ఎదురింటి చెట్టు ఆఖరి కాపులో మా వాటా ముప్ఫై కాయలు. ఇరవై తొక్కు పెట్టాను, పది వరుగులు చేశాను. జాగ్రత్తగా వాడుకుంటే తొక్కు వచ్చే ఎండాకాలం దాకా వస్తుంది. వరుగులు ఇంకో వానాకాలం కూడా ఉంటాయి. డబ్బా మీద కాయ ఏ చెట్టుదో, ఏ సంవత్సరానిదో రాసి అతికించాను.