మిగులు ధాన్యము – మోటారు తైలము

పొలమునుండి దీపమునకు తైలము తెచ్చుకొనుట మనకు క్రొత్త కాదు. పల్లెలకు కిరసనాయిలు రాకపూర్వము తెలంగాణపు ఎఱ్ఱ చెలకలలోను, రాయలసీమ మెట్టలలోను ఆముదమే యింటింటి దీపము. బండి యిరుసునకు కందెనయు నదియే. కాని యా పైరు వరిమడి నాక్రమించి యెఱుగదు. నీరు పాఱని నేలలలో జొన్నతోడను కందితోడను కలిసి, గట్ల వెంబడి పెరుగుచుండెడిది. అన్నమునకును ఇంధనమునకును నేల విషయమున తగవు పెద్దగా లేకుండెను. ఆ తగవు పిమ్మట నెట్లు పుట్టెను? ఇంధనపు కఱవు వలన ననియే యందఱు ననుకొందురు. చరిత్రమును కొంచెము శ్రద్ధతో చూచినచో, ధాన్యపు మిగులు వలన ననుటయే సరియని మాకు తోచుచున్నది.

ఇంధనమనగా నిప్పులో మండునదియే కానక్కఱలేదు. 1915 ప్రాంతమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో రెండున్నర కోట్ల గుఱ్ఱములును కంచరగాడిదలును దున్నుచు, బరువులు లాగుచుండెను. సాగునేలలో నించుమించు నాలుగవవంతు వాని మేతకే పోయెడిది. ట్రాక్టరు వచ్చి గుఱ్ఱమును వెడలగొట్టగా ఆ నేల పంట మనుష్యుల బజారునకు వచ్చిపడెను. తరువాతి యేండ్లలో ధాన్యపు ధర కూలుటకు గల కారణములలో నిదియు నొకటి. 1930 దశకమున కాన్సస్ రాష్ట్రపు ఆచిసన్ పట్టణమున ధాన్యమునుండి మద్యసారము తీసి, పెట్రోలులో కలిపి యమ్మజూచిరి. అప్పుడు పెట్రోలునకు కఱవేమియు లేదు. పైపెచ్చు అది మిక్కిలి చౌక. అందుచేతనే యా కర్మాగారము రెండు మూడేండ్లకే మూతపడెను.

బ్రెజిలు కథ యింతకంటె స్పష్టము. చక్కెర యమ్ముడుపోని కాలమున, 1931లోనే, దిగుమతియగు పెట్రోలులో నూటికి 5 పాళ్లు మద్యసారము కలుపవలెనని యచ్చటి ప్రభుత్వము శాసించెను. 1973లో అరబ్బు దేశములు చమురు బిగబట్టగా కొలది నెలలలో దాని ధర నాలుగింతలయ్యెను. 1974 నవంబరులో చక్కెర ధర మిన్నంటి, మఱుసటి యేడే నేల కూలెను. ఋణములు తెచ్చి మిల్లులు పెంచుకొన్న యజమానులకు దిక్కు తోచలేదు. ఇట్టి స్థితిలో 1975 నవంబరు 14వ తేదీన సైనిక ప్రభుత్వాధ్యక్షుడు ఎర్నెస్టో గైసెల్ ‘ప్రొఆల్కూల్’ అను పథకమును శాసనముగా ప్రకటించెను. చమురు కొఱకని చెప్పిరి. చక్కెర మిల్లుల కొఱకు ననుటయు నంతే నిజము.

1979లో కేవలము మద్యసారముతో నడచు ఫియట్ 147 అను కారు బజారునకు వచ్చెను. 1980 దశకపు నడిమికి క్రొత్తగా నమ్ముడగు కార్లలో నూటికి 90కి పైగా నట్టివే. సావో పాలో రాష్ట్రమున చిక్కుడు గింజలు, మొక్కజొన్న పండించుకొను చిన్న కమతములను చెఱకు తోటలు మ్రింగివేసెను. నేలపోయినవారు ఆ తోటలలోనే దినకూలీలైరి. తెల్లవాఱక ముందే చల్లారిన కూడు గిన్నెలో కట్టుకొని పోవుటచే వారికి ‘బోయా-ఫ్రియా’ లని పేరు. మన మాటలో చద్దికూటివారు. 1984 మే నెలలో గ్వారీబాయను నూరిలో, ఒక్కొక్కడు నఱకవలసిన చెఱకు సాళ్లను అయిదునుండి యేడునకు పెంచగా వీరు తిరుగబడిరి. 1989లో చమురు చౌకయై చక్కెర ప్రియము కాగానే మిల్లులవారు మద్యసారమును విడిచి చక్కెర వైపు తిరిగిరి. అంగళ్లయొద్ద కార్లు బారులు తీర్చెను. చెఱకునకు పుట్టినిల్లువంటి యా దేశము మద్యసారమును దిగుమతి చేసికొనవలసి వచ్చెను!

అమెరికాలో 2005, 2007 సంవత్సరముల శాసనములు మొక్కజొన్నను మోటారులోనికి నడిపించెను. 2007 జనవరిలో మెక్సికోలో రొట్టె ప్రియమై జనులు వీథులకెక్కిరి, కిలో 8.50 పెసోలకు మించరాదని యధ్యక్షుడు కాల్డెరాన్ వర్తకులతో నొడంబడిక చేసికొనవలసి వచ్చెను. ఆ ప్రియమునకు మద్యసార మొక్కటియే కారణము కాదు. వర్తకుల నిలువలును గలవు. అయినను లెక్క చూడుడు. క్వింటాలు మొక్కజొన్ననుండి 38 లీటర్ల మద్యసారము వచ్చును. వేడిమిలో నది 25 లీటర్ల పెట్రోలునకు సమానము. దినమునకు అరకిలో చొప్పున నదే క్వింటాలు ఒక మనుష్యునకు 200 దినముల గ్రాసము. ధాన్యపు బరువులో నించుమించు మూడవవంతు పిప్పియై పశువుల దాణాగా తిరిగివచ్చునని యొప్పుకొని తీరవలెను. మిగిలినది పొగగొట్టము పాలు.

మన దేశమున 2003లో నీ కలుపుట యారంభమైనప్పుడు మద్యసారము చక్కెర మడ్డినుండియే వచ్చెడిది. అంతవఱకు నాక్షేపణ లేదు. 2018 నాటి జాతీయ విధానము మిగులు ధాన్యమునకును తలుపు తెఱచెను. 2020 ఏప్రిలులో, వలస కూలీలు బిడ్డల నెత్తుకొని రహదారుల వెంట నడచుచున్న దినములలోనే, ప్రభుత్వ గోదాముల బియ్యమును బట్టీల కీయవచ్చునని నిర్ణయమయ్యెను. 2023 జూలైలో బియ్యపు ధరకు భయపడి యా యమ్మకము నాపిరి. బట్టీలు మాత్ర మాగలేదు, మొక్కజొన్నపై పడెను. 2024లో మన రైతులకు మంచి ధర వచ్చుట నిజమే, అది మాకు సంతోషము. కాని మన జిల్లాలలో మొక్కజొన్న ముఖ్యముగా కోళ్ల దాణా. దాణా ప్రియమైనచో గ్రుడ్డు ప్రియమగును, బీదపిల్లలకు చౌకలో దొరకు మాంసకృత్తు లందే కలవు. ఎగుమతి చేయుచుండిన దేశము ఆ యేడే మొక్కజొన్నను దిగుమతి చేసికొనెను. 2025లో గోదాము బియ్యము మరల బట్టీలకు క్వింటాలు 2,250 రూపాయలకే పోయెను. ప్రభుత్వమునకు పడిన వెల యంతకు చాల హెచ్చు.

మిగులని తేల్చువారు మంత్రులును అధికారులును గల యొక సంఘము. చౌకబియ్యమున కర్హుల సంఖ్యకు 2025 నాటికిని హద్దు 2011 జనాభా లెక్కలే. ఆ తరువాత పెరిగిన జనమును గూడ చేర్చి, వారి వాటా తీసిపెట్టిన పిమ్మట గోదాములో నెంత మిగులునో ముందుగా ప్రకటించి, అటుపిమ్మటనే బట్టీల మాట తలపెట్టవలెనని మేము కోరుచున్నాము.