చాకూ, పానపాత్రా: షెఫీల్డు నగర కథ

జేబులో ఇమిడే మడతచాకులను ప్రీతితో సేకరించేవారు పాశ్చాత్య దేశాలలో నేడు ఎందరో ఉన్నారు. తీరికవేళ తమ సేకరణను బల్లమీద పరచి, చిన్న కార్ఖానాలలో శ్రద్ధగా కాచిన బీరును పక్కన ఉంచుకొని, ఒక్కొక్క చాకునూ విప్పి, మూసి ఆనందించడం వారిలో కొందరి వేడుక. బాగా కుదిరిన చాకును మూసేటప్పుడు స్ప్రింగు టక్కుమని పలుకుతుంది. ఆ పలుకును బట్టి పనివాని నేర్పును చెప్పవచ్చునని రసికులు అంటారు. ఈ రెండు వస్తువులకూ ఒకే ఊరిలో ఎంతటి అనుబంధం ఏర్పడినదో, ఆ అనుబంధానికి మూల్యం చెల్లించినవారెవరో మనవి చేయడం మా ఉద్దేశము. ఆ ఊరు ఇంగ్లండులోని షెఫీల్డు.

కొండల నడుమ వెలసిన ఆ నగరంలో అయిదు ఏరులు కలుస్తాయి. వాటి ప్రవాహం నీటిచక్రాలను తిప్పింది. దాపుననే దొరికే ఇసుకరాయి సానచక్రాలకు పనికివచ్చింది. పదునాలుగవ శతాబ్దంనాటి మహాకవి ఛాసరు తన కథాకావ్యంలో ఒక పిండిమర యజమాని మేజోడులో షెఫీల్డు చాకు దోపుకొని తిరిగేవాడని వర్ణించినాడు. అప్పటికే ఆ ఊరి పేరు సామాన్య జనుల నోట నానుతున్నదన్నమాట. 1624లో పార్లమెంటు చట్టం ద్వారా అక్కడి కత్తిపనివారి సంఘం ఏర్పడి, పనితనానికి కట్టుబాట్లు విధించి, ఒక్కొక్క పనివానికి ఒక్కొక్క ముద్రను కేటాయించింది. 1740 ప్రాంతాన బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు ఉక్కును మూసలో కరిగించి శుద్ధిచేసే పద్ధతిని కనిపెట్టడంతో ఆ ఊరి దశ తిరిగింది.

మూసలో ఉక్కు తీయడం మన కమ్మరులకు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలిసిన విద్య. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు పారసీక దేశం దాకా ఎగుమతి అయినది. 'ఉక్కు' అనే మన దక్షిణాది మాటయే ఆంగ్లేయుల నోట 'వూట్జు'గా మారిందని పండితుల అభిప్రాయం. ఈ దేశంనుండి పంపిన ఆ ఉక్కును గూర్చి 1795లో జార్జి పియర్సన్ లండనులోని రాయల్ సొసైటీకి నివేదిక సమర్పించినాడు. ఆ పరిశీలన కోసం స్టోడార్టు అనే లండను పనివాడు ఆ ఉక్కుతో సాగగొట్టినది పెద్ద ఖడ్గం కాదు, చిన్న కలంచాకు.

మరల షెఫీల్డుకు వద్దాము. అక్కడ చాకు ఒక్కని చేతిమీద తయారయ్యేది కాదు. అలుగును ఒకడు సాగగొట్టేవాడు, ఇంకొకడు సానపట్టేవాడు, వేరొకడు దుప్పికొమ్ముతోనో ముత్యపుచిప్పతోనో పిడి అమర్చేవాడు. చిన్న గదులను అద్దెకు తీసుకొని స్వతంత్రంగా పనిచేసే ఇట్టివారిని 'లిటిల్ మెస్టర్లు' అనేవారు. ఈ 'మెస్టరు'కూ, పోర్చుగీసువారి ద్వారా మనకు సంక్రమించిన 'మేస్త్రీ'కీ లాటిను మూలం ఒక్కటే. 1851లో లండను మహాప్రదర్శనకై జోసెఫ్ రాడ్జర్సు సంస్థవారు డెబ్బదియైదు అలుగుల బృహత్తరమైన చాకును చేయించి లోకాన్ని ఆశ్చర్యపరచినారు.

అయితే ఆ తళుకు వెనుక ఒక విషాదమున్నది. సానపట్టేవాడు తిరిగే రాతిచక్రం మీదికి వంగి కూర్చుంటాడు. రాతిపొడి, ఉక్కురజను అతని ఊపిరితిత్తులలో పేరుకొంటాయి. తడి లేకుండా ముళ్లచెంచాలను సానపట్టేవారు ముప్పది ఏండ్ల ప్రాయంలోనే మరణించేవారని షెఫీల్డు వైద్యుడు నైటు సాక్ష్యాన్ని ఉటంకిస్తూ 1845లో ఎంగెల్సు వ్రాసినాడు. ఆ గ్రంథంలోనే మరొక మాట ఉన్నది. వారిలో అందరికంటె ఎక్కువకాలం బ్రతికినవారు పచ్చి తాగుబోతులట! మద్యంలో సంజీవని ఉండి కాదు. వారు తరచుగా పని ఎగగొట్టేవారు గనుక ఆ మేరకు దుమ్ము తప్పినదని వైద్యుని వివరణ. సోమవారాన్ని 'పరిశుద్ధ సోమవారం' అని పరిహసిస్తూ పానశాలలో గడపడం ఆనాటి వృత్తిపనివారి ఆచారం. యజమానులు దానిని సోమరితనమన్నారు. మాకు మాత్రం అది ఊపిరికోసం తీసుకొన్న విరామంగా తోస్తున్నది.

ఊరి నీరూ నమ్మదగినదిగా ఉండలేదు. 1832లో కలరా సోకి నాలుగువందల ఇద్దరు మరణించినారు. ఆ ఏటి కత్తిపనివారి సంఘాధ్యక్షుడు జాన్ బ్లేక్ కూడ వారిలో ఒకడు. కలరా నీటిద్వారా వ్యాపిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. కాచి వండే బీరు ఆ నీటికంటె క్షేమకరమైన పానీయమయినది.

ఇరువదవ శతాబ్దంలో ఈ రెండు వృత్తులూ క్షీణించినవి. యంత్రాలు చాకులను చౌకచేసినవి, పెద్ద కంపెనీలు చిన్న బీరు కార్ఖానాలను మింగినవి. సంప్రదాయమైన బీరును కాపాడడానికి 1971లో ఒక ఉద్యమం మొదలయినది. షెఫీల్డులోని కెల్హమ్ ఐలండ్ పేటలో డేవ్ వికెట్ 1981లో ఒక పానశాలను, 1990లో దాని పక్కనే ఒక చిన్న బీరు కార్ఖానాను నెలకొల్పినాడు. వారి 'పేల్ రైడర్' 2004లో దేశంలోకెల్ల ఉత్తమమైన బీరుగా బహుమానం పొందినది. 2022లో ఆ కార్ఖానా మూతపడవలసివచ్చినా, దాని బీరును మరొక సంస్థ స్వీకరించి నిలబెట్టినది. ఆ పేటలోని మ్యూజియంలోనే తన చివరి సంవత్సరాలలో స్టాన్ షా చాకులు చేసినాడు. 1941లో బాలుడుగా పనిలో చేరిన ఆ మేస్త్రీ 2021లో కన్నుమూసినాడు.

పాత ఉక్కుచాకుమీద బీరుచుక్క పడితే మచ్చపడుతుంది, వెంటనే తుడవాలి. ఆ తుడిచే క్షణంలో రసికుడు అలుగుమీది ముద్రను ఒకమారు పరికించాలని మా మనవి. పేరు సంస్థది. ఆ మెరుపు మాత్రం, ముద్రలో పేరు లేని సానపట్టేవానిది.