పాతర నుంచి గోదాం దాకా: గింజకు పురుగు పట్టకుండా కాపాడిన కథ

గట్టిగా మూత బిగించిన డబ్బాలోని పెసలకు కూడా కొన్నాళ్ళకు పురుగు పడుతుంది. అది ఎక్కడి నుంచి వచ్చింది? బయటి నుంచి దూరిందని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలాసార్లు అది గింజతోపాటే మన ఇంటికి వస్తుంది. పప్పు పురుగు చేలో కాయల మీద, నిల్వలో గింజల మీద గుడ్లు అతికిస్తుంది. బియ్యాన్ని ఆశించే ముక్కు పురుగు గింజకు రంధ్రం చేసి, అందులో గుడ్డు పెట్టి, జిగురులాంటి పదార్థంతో మూసేస్తుంది. పైకి మాత్రం గింజ బాగానే కనిపిస్తుంది. అలా దాగిన ప్రాణిని పెరగనివ్వకుండా చేయడం ఎలా? ఈ ప్రశ్నకు మన ఉపఖండం వేల ఏళ్ళుగా సమాధానాలు వెతుకుతూనే ఉంది.

ఉత్తరప్రదేశ్‌లోని సోహ్‌గౌరా రాగిరేకు, బంగ్లాదేశ్‌లోని మహాస్థాన్ శిలాశాసనం మౌర్యుల కాలానివని పండితులు సాధారణంగా భావిస్తారు. ఆపత్కాలం కోసం ఉద్దేశించిన ధాన్యాగారాల ప్రస్తావన రెండింటిలోనూ ఉంది. కౌటిల్యుని 'అర్థశాస్త్రం' ధాన్యంలో సగాన్ని ప్రజల ఆపదల కోసం ఉంచమంటుంది. కొత్త ధాన్యం రాగానే పాతదాన్ని మార్చాలని కూడా చెబుతుంది. ఇందులో మంచి విజ్ఞానశాస్త్రం ఉంది. అడుగున మిగిలిపోయిన పాత గింజల్లోనే పురుగు తరతరాలుగా పెరిగి, కొత్త గింజలకు పాకుతుంది.

ఇక మన రైతుల పద్ధతులు చూడండి. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల్లో జొన్నలను భూమిలో తవ్విన పాతరల్లో దాచేవారు. మూత వేసి మట్టితో మెత్తితే లోపలికి గాలి ఆడదు. గింజలు, పురుగులు శ్వాసించడం వల్ల ఉన్న ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. పురుగులు ఊపిరాడక చనిపోతాయి. తెరిచిన వెంటనే పాతరలోకి దిగడం మనుషులకు ప్రాణాపాయం కావడానికీ ఇదే కారణం.

ఇళ్ళలో పప్పుగింజలకు ఆముదం పట్టించేవారు. ఆ నూనె పొర గుడ్లకు గాలి అందనివ్వదు. విత్తనాల్లో కలిపే బూడిద పురుగు ఒంటిమీది మైనపు పొరను గీరేస్తుంది. దాంతో పురుగు ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. ఎండబెట్టడం వల్ల గింజలో తేమ తగ్గుతుంది. గింజలు 50 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కితే పురుగులు ఎక్కువసేపు బతకలేవు.

స్వాతంత్ర్యం తర్వాత నిల్వల పరిమాణం మారిపోయింది. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. పెద్ద పెద్ద గోదాముల్లో బస్తాలను ఎండబెట్టడం, ఆముదం పట్టించడం కుదరదు కదా! అక్కడ విషవాయువుల అవసరం వచ్చింది. వాటిలో మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరకు హాని చేస్తుంది. అందుకే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం, క్వారంటైన్ వంటి మినహాయింపులు తప్ప, వర్ధమాన దేశాలు దాని వాడకాన్ని 2015 నాటికి ఆపవలసి వచ్చింది. భారమంతా ఫాస్ఫీన్ వాయువు మీద పడింది.

కానీ ఫాస్ఫీన్‌ను తట్టుకునే పురుగులు 1972-73లో జరిగిన ప్రపంచ సర్వేలోనే కనిపించాయి. 1980ల ఆరంభంలో బంగ్లాదేశ్ గోదాముల్లో ఆ వాయువు సరిగా పనిచేయలేదు. కారణం గమనించండి. కప్పిన పట్టాలో సందులుంటే వాయువు బయటికి పోతుంది. మిగిలిన కొద్దిపాటి మోతాదుకు బలహీనమైన పురుగులు చస్తాయి, తట్టుకోగలిగినవి మిగిలి సంతానాన్ని పెంచుతాయి. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం గోదాములోనే జరుగుతోందన్నమాట! అంటే ఆధునిక వాయువు పనిచేయాలన్నా పాతర సూత్రమే కావాలి: సందు లేకుండా మూయాలి.

ఫాస్ఫీన్ నిచ్చే మాత్రలు శిక్షణ పొందినవారి కోసమే. వాటిని ఇంట్లో ఎప్పుడూ వాడకండి. ఆ వాయువు మనుషులనూ చంపుతుంది. ఇంటికి పాత సూత్రాలే చాలు. గింజలను బాగా ఎండబెట్టి, చల్లారాక గాలి చొరని డబ్బాలో పోయండి. పాతవి పూర్తిగా ఖాళీ చేసి, డబ్బా కడిగి ఆరబెట్టాకే కొత్తవి నింపండి. ఈ ఆదివారం మీ వంటింటి డబ్బాల అడుగు ఒకసారి చూడండి. కౌటిల్యుడు పాత ధాన్యం గురించి ఎందుకు అంత పట్టుబట్టాడో అక్కడే తెలుస్తుంది.