కావలివాడికి రాజరక్తం ఎందుకు ఎక్కించారు?

మదురై మీనాక్షి గుడికి వెళ్తే తూర్పు గోపురం దగ్గర ఒక చిన్న గుడి చూడండి. అక్కడున్నది మదురై వీరన్. తమిళనాట ఊరూరా పూజలందుకునే కావలి దేవుడు.

కథ ఇదీ. చెప్పులు కుట్టే చిన్నాన్ దంపతుల ఇంట పెరిగాడు వీరన్. ఆ ప్రాంతపు పాలెగాడు బొమ్మణ్ణ నాయకుడు. అతని కూతురు బొమ్మి పెద్దమనిషైతే ఊరి బయట గుడిసెలో ఉంచారు. కాపలా చిన్నాన్‌ది. వానపడే రాత్రి తండ్రికి బదులు కొడుకు వెళ్లాడు. కావలివాడికీ, దొర కూతురికీ మనసులు కలిశాయి. ఇద్దరూ వెళ్లిపోయారు. వెంటాడి వచ్చిన బొమ్మణ్ణ పోరులో చచ్చాడు. తర్వాత మదురైలో తిరుమల నాయకుడి కొలువులో చేరి దొంగల్ని అణిచాడు వీరన్. చివరికి అదే రాజు అతని కాలూ చెయ్యీ నరికించాడు.

ఇందులో మనకూ వాటా ఉంది. తిరుమల నాయకుడు (1623–1659) విజయనగరం నుంచి వెళ్లిన తెలుగు నాయకుల వంశం. వీరన్‌ని తమవాడిగా చెప్పుకునే అరుంధతియార్లలో చాలామంది ఇళ్లలో నేటికీ తెలుగే. మన మాదిగల్లాగే తోలుపని చేసినవాళ్లు. అంటే నరికించినవాడిదీ తెలుగే, నరికించుకున్నవాడిదీ తెలుగే. భాష ఒక్కటైతే కులం అడ్డు రాదనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

అసలు మెలిక ఇంకోటుంది. కథ మొదట్లోనే వీరన్ కాశీరాజు కొడుకనీ, అశుభ జాతకమని అడవిలో వదిలేస్తే చిన్నాన్ పెంచాడనీ చెబుతారు. 1956లో ఎమ్జీఆర్, భానుమతి నటించిన సినిమా కూడా ఆ దారే పట్టింది. ఇది తర్వాత అతికించిన ముక్క అని జానపద పరిశోధకులు వాదించారు. ఎందుకు అతికించారు? చెప్పులు కుట్టేవాడి కొడుకుని దొర కూతురు ప్రేమించిందంటే మింగుడుపడదు. రాజు కొడుకంటే సర్దుకుపోవచ్చు. పూలతోట కావలివాడైన కాత్తవరాయన్‌దీ ఇదే తంతు. బ్రాహ్మణ పిల్లను ప్రేమించి కొరతకెక్కిన అతన్నీ శివుడి కొడుకుని చేశారు.

ముందు చంపారు. జనం మరిచిపోకపోతే దేవుణ్ణి చేశారు. ఆపైన పుట్టుకనే మార్చేశారు. ప్రాణం తీయడం ఒక హత్య, అమ్మానాన్నల్ని తుడిచేయడం రెండో హత్య.

2018లో మిర్యాలగూడలో పట్టపగలు జరిగింది మొదటిదే. రెండోది జరగకుండా చూడాల్సింది మనం. కథ మళ్లీ చెప్పేటప్పుడు చిన్నాన్ పేరుతో మొదలుపెట్టండి.

జై భీమ్.