వైద్యం నుండి రాజ్యపాలనకు: సెర్బియా వైద్యుడు వ్లదాన్ జోర్జెవిచ్ ప్రస్థానం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో సెర్బియా ఆధునిక రాజ్యంగా రూపుదిద్దుకుంటున్న కాలంలో వైద్యవృత్తి నుండి రాజకీయాల్లోకి వచ్చిన ప్రముఖుడు వ్లదాన్ జోర్జెవిచ్ (1844-1930). వైద్యసంఘం, వైద్యపత్రిక, రెడ్‌క్రాస్, ప్రజారోగ్య చట్టం వంటి వ్యవస్థల స్థాపనలో ఆయన పాత్ర కీలకమైనది. 1897 నుండి 1900 వరకు ప్రధానిగా ఆయన సాగించిన పాలన మాత్రం నిరంకుశత్వానికి ఉదాహరణగా నిలిచింది. ఈ రెండు దశలను 'మంచి వైద్యుడు, చెడ్డ రాజకీయవేత్త' అని విడదీసి చూడటం పరిపాటి. రెండింటిలోనూ పనిచేసిన దృక్పథం ఒక్కటేనని, ఫలితాల్లోని తేడాకు కారణం ఆయన ఎవరికి జవాబుదారీగా ఉన్నాడన్న అంశంలో ఉందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సెర్బియా, వ్లదాన్ జోర్జెవిచ్, ప్రజారోగ్యం, ఒబ్రెనోవిచ్ వంశం, నిరంకుశ పాలన, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం:

వైద్యులు రాజకీయాల్లోకి రావడం ఐరోపా చరిత్రలో అరుదు కాదు. చదువుకున్నవారి సంఖ్య స్వల్పంగా ఉన్న చిన్న దేశాల్లో వైద్యుడు, న్యాయవాది, ఉపాధ్యాయుడు, పత్రికా సంపాదకుడు తరచు ఒకే వ్యక్తి కావలసి వచ్చేది. సెర్బియా అటువంటి దేశమే. 1867లో ఒట్టొమన్ సైనిక దళాలు అక్కడి కోటలను ఖాళీ చేశాయి. 1878లో బెర్లిన్ ఒప్పందం సెర్బియా స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. 1882లో అది రాజ్యంగా ప్రకటించుకుంది. ఈ 15 సంవత్సరాలలో రాజ్యానికి కావలసిన వ్యవస్థలన్నింటినీ దాదాపు ఒకేసారి నిర్మించుకోవలసి వచ్చింది. జోర్జెవిచ్ జీవితంలోని అత్యంత ఫలవంతమైన దశ ఈ కాలానికి చెందినదే.

ఆయనను గురించిన అంచనాలు రెండు విధాలుగా ఉన్నాయి. వైద్యచరిత్రకారులు ఆయనను వ్యవస్థాపకుడుగా గౌరవిస్తారు. రాజకీయ చరిత్రకారులు ఆయన పాలనాకాలాన్ని ఆయన పేరుతోనే 'వ్లదానోవ్‌ష్తినా' అని వ్యవహరిస్తారు. వ్లదాన్ మార్కు పాలన అని దాని భావం. అది మెచ్చుకోలు మాట కాదు. ఒకే వ్యక్తి ఈ రెండు పేర్లకు ఎలా పాత్రుడయ్యాడన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

2. విద్య - వృత్తి శిక్షణ:

జోర్జెవిచ్ 1844లో బెల్‌గ్రేడ్‌లో జన్మించాడు. ఆయనకు పెట్టిన తొలి పేరు 'ఇపోక్రత్', అంటే ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు. తరువాతి కాలంలో భాషాశాస్త్రవేత్త జురా దానిచిచ్ సూచనపై ఆయన 'వ్లదాన్' అనే స్లావిక్ పేరును స్వీకరించాడు. విద్యావంతులైన యువకులు జాతీయ గుర్తింపును పేరులో సైతం ప్రకటించుకుంటున్న కాలమది. వృత్తిని సూచించే పేరు స్థానంలో జాతిని సూచించే పేరు రావడం ఆయన తరం ఆలోచనాధోరణికి అద్దం పడుతుంది.

అప్పటి సెర్బియాలో వైద్యకళాశాల లేదు. బెల్‌గ్రేడ్‌లో వైద్యవిభాగం 1920లో గాని ఏర్పడలేదు. అందువల్ల వైద్యం చదవదలచినవారు విదేశాలకు, ముఖ్యంగా వియన్నాకు వెళ్లేవారు. దేశంలో పనిచేస్తున్న వైద్యుల్లో పలువురు ఆస్ట్రియా సామ్రాజ్యం నుండి వచ్చినవారే. జోర్జెవిచ్ వియన్నాలో వైద్యపట్టా పొంది, శస్త్రచికిత్సలో అగ్రగణ్యుడైన థియోడర్ బిల్‌రోత్ వద్ద శిక్షణ పొందాడు. 1870-71 నాటి ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధంలో ప్రష్యా పక్షాన స్వచ్ఛందంగా వైద్యసేవలందించాడు. యుద్ధంలో గాయపడిన సైనికుని ప్రాణం శస్త్రవైద్యుని నైపుణ్యం మీదనే కాక రవాణా, పారిశుద్ధ్యం, సరఫరా, ఆదేశాల క్రమం మీద కూడా ఆధారపడుతుంది. యుద్ధరంగ వైద్యం నేర్పే ఈ పాఠం ఆయన తదుపరి కార్యక్రమాలన్నింటిలోనూ కనిపిస్తుంది.

3. వ్యవస్థాపకుడుగా జోర్జెవిచ్:

స్వదేశానికి తిరిగివచ్చిన మరుసటి సంవత్సరమే, అనగా 1872లో, బెల్‌గ్రేడ్ వైద్యులను సమీకరించి సెర్బియా వైద్యసంఘాన్ని స్థాపించడంలో ఆయన చొరవ చూపాడు. అధ్యక్షపదవి మాత్రం ఆయనది కాదు. చెక్ మూలాలు గల సీనియర్ వైద్యుడు యోవాన్ మాషిన్ తొలి అధ్యక్షుడు కాగా, జోర్జెవిచ్ కార్యదర్శిగా పనిచేశాడు. ఈ సంఘం పక్షాన వెలువడిన 'సెర్ప్‌స్కీ అర్హీవ్' అనే వైద్యపత్రిక 1874లో ప్రారంభమై నేటికీ కొనసాగుతున్నది. ఒక వైద్యుడు తన అనుభవాన్ని తోటి వైద్యుల ముందుంచి వారి విమర్శను స్వీకరించే అవకాశం దీనితో ఏర్పడింది.

1875లో ఆయన 'ఒతాజ్బినా' (స్వదేశం) అనే సాహిత్య, విజ్ఞాన, సామాజిక పత్రికను స్థాపించాడు. సెర్బియన్ వాస్తవికతావాద కథకు పునాది వేసిన లాజా లాజరెవిచ్ రచనలు ఇందులో వెలువడ్డాయి. ఆయన కూడా వృత్తిరీత్యా వైద్యుడే కావడం గమనార్హం. 1876లో ఒట్టొమన్ సామ్రాజ్యంతో యుద్ధానికి కొద్ది నెలల ముందు సెర్బియా రెడ్‌క్రాస్ ఏర్పడింది. దాని స్థాపనలోనూ జోర్జెవిచ్ ముందున్నాడు. తరువాతి యుద్ధాలలో సైనిక వైద్యబాధ్యతలు నిర్వహించి, ఆ అనుభవాలను, పత్రాలను క్రోడీకరించి సెర్బియా సైనిక వైద్యచరిత్రను 1879 నుండి సంపుటాలుగా ప్రచురించాడు.

1879లో ఆయన హోంమంత్రిత్వశాఖలోని ఆరోగ్యవిభాగానికి అధిపతి అయ్యాడు. ఆ సంవత్సరంలోనే ఏర్పడిన జాతీయ ఆరోగ్యనిధి ఆసుపత్రులకు, ప్రజారోగ్య కార్యక్రమాలకు ప్రత్యేక ఆర్థికవనరుగా నిలిచింది. 1881 నాటి 'ఆరోగ్యవృత్తి నిర్వహణ, ప్రజారోగ్య పరిరక్షణ' చట్టం వైద్యుల విధులను, పరిపాలనా యంత్రాంగాన్ని, వ్యాధి నివారణను ఒకే చట్రంలోకి తెచ్చింది. చికిత్సతో పాటు నివారణ కూడా రాజ్యం బాధ్యతేనని గుర్తించడం ఈ చట్టంలోని ప్రధానాంశం.

ఈ సంస్కరణ పైనుండి కిందికి సాగినది. రైతులు దీనిని కోరలేదు. విదేశాల్లో చదువుకున్న నిపుణుడు దేశానికి ఇది అవసరమని నిర్ణయించాడు, రాజ్యయంత్రాంగం అమలు చేసింది. అదే కాలంలో నికోలా పాషిచ్ నాయకత్వంలోని రాడికల్ పార్టీ స్థానిక స్వపరిపాలనను కోరుతూ, ఉద్యోగస్వామ్యం పెరుగుదలను, దాని ఖర్చును వ్యతిరేకిస్తూ గ్రామాల్లో బలపడుతున్నది. కేంద్రాధికారం ద్వారా సంస్కరణ, ప్రజాసమ్మతి ద్వారా పాలన అనే ఈ రెండు ధోరణుల ఘర్షణ జోర్జెవిచ్ ప్రధాని కావడానికి ఎంతో ముందే మొదలైంది.

4. రాజకీయ ప్రవేశం:

1884-85లో జోర్జెవిచ్ బెల్‌గ్రేడ్ నగరాధ్యక్షుడుగా పనిచేశాడు. 1888లో విద్యామంత్రి అయ్యాడు. 1889లో రాజు మిలాన్ ఒబ్రెనోవిచ్ సింహాసనాన్ని తన కుమారుడైన బాలుడు అలెగ్జాండర్‌కు వదిలాడు. అనంతర కాలంలో జోర్జెవిచ్ ఏథెన్సులోను, ఇస్తాంబుల్‌లోను సెర్బియా రాయబారిగా ఉన్నాడు. ఈ పదవుల్లో ఏదీ ప్రజాపునాది గల రాజకీయపక్షం ద్వారా వచ్చినది కాదు. నైపుణ్యం, రాజవంశం పట్ల విధేయత ఆయనకు అర్హతలయ్యాయి. ఈ రెంటిలో మొదటిది వైద్యుడుగా సంపాదించుకున్నది. రెండవది క్రమంగా మొదటిదాన్ని మించిపోయింది.

5. ప్రధానిగా (1897-1900):

1897 అక్టోబరులో యువరాజు కాదు, రాజే అయిన అలెగ్జాండర్ ఆయనను ప్రధానిగా నియమించాడు. విదేశాంగశాఖ కూడా ఆయన చేతిలోనే ఉంది. అదే సమయంలో మాజీ రాజు మిలాన్ స్వదేశానికి తిరిగివచ్చి సైన్యాధిపత్యం చేపట్టాడు. రాజు, రాజు తండ్రి, ప్రధాని అనే ముగ్గురి మధ్య అధికారం నడిచింది. పార్టీ కలహాలకు అతీతంగా పాలించడం, సైన్యాన్ని పటిష్ఠం చేయడం, దేశంలో క్రమాన్ని నెలకొల్పడం ప్రభుత్వ లక్ష్యాలు. కాని పార్టీలకు అతీతం కావడమంటే ఆచరణలో పార్టీలను అణచివేయడమే అయింది. పత్రికా స్వేచ్ఛ, సంఘ స్వేచ్ఛ చట్టపరమైన ఆంక్షలకు లోనయ్యాయి. రాడికల్ పార్టీ ప్రధాన లక్ష్యమైంది. స్వయంగా పత్రికలు స్థాపించిన వ్యక్తి పాలనలోనే పత్రికల నోరు కట్టివేయబడింది.

1899 జులై 6న, పాత పంచాంగం ప్రకారం సెయింట్ జాన్ పర్వదినాన, బెల్‌గ్రేడ్‌లో మిలాన్‌పై స్తెవాన్ క్నెజెవిచ్ అనే వ్యక్తి కాల్పులు జరిపాడు. మిలాన్ బతికి బయటపడ్డాడు. ఈ ఘటన రాడికల్ నాయకులను పెద్దయెత్తున నిర్బంధించడానికి అవకాశమిచ్చింది. సాధారణ న్యాయస్థానాలను పక్కనపెట్టి ప్రత్యేక సత్వర న్యాయస్థానం ఏర్పాటు చేశారు. క్నెజెవిచ్‌కు మరణశిక్ష అమలైంది. దేశం వెలుపల ఉన్న రాడికల్ నాయకుడు రాంకో తాయ్‌సిచ్‌కు పరోక్షంలోనే మరణశిక్ష విధించారు. పాషిచ్ ప్రాణం కూడా ప్రమాదంలో పడింది. విదేశీ ప్రభుత్వాల ఒత్తిడి, తన పార్టీ సహచరులను ఇరకాటంలో పెట్టే విధంగా ఆయన న్యాయస్థానంలో చేసిన ప్రకటన, ఆ తరువాత లభించిన క్షమాభిక్ష ఆయనను కాపాడాయి.

నేరస్థుడు ఒకడు. శిక్షార్హులుగా నిలబెట్టినది ఒక రాజకీయపక్షాన్ని. వైద్యంలో వ్యాధి మూలాన్ని నిర్ధారించడానికి సాక్ష్యం కావాలి, ఆ నిర్ధారణను తోటి వైద్యులు ప్రశ్నించగలగాలి. జోర్జెవిచ్ ప్రభుత్వం తన నిర్ధారణను ప్రశ్నించగల పత్రికను, పార్టీని, సాధారణ న్యాయస్థానాన్ని ముందే తొలగించుకుంది.

6. పతనం:

ఈ పాలనను కూల్చినది ప్రతిపక్షం కాదు. 1900 జులైలో మిలాన్ కార్ల్స్‌బాద్‌లోను, జోర్జెవిచ్ అంతర్జాతీయ ప్రదర్శన సందర్భంగా పారిస్‌లోను ఉన్న సమయంలో, రాజు అలెగ్జాండర్ ద్రాగా మాషిన్‌తో తన వివాహనిశ్చయాన్ని ప్రకటించాడు. తనకంటే వయసులో పెద్ద, వితంతువు, తన తల్లి పరిచారికా బృందంలో పనిచేసిన స్త్రీని రాజు వివాహమాడటాన్ని తండ్రి గాని, మంత్రివర్గం గాని అంగీకరించలేదు. ప్రభుత్వం రాజీనామా చేసింది. మిలాన్ మరి స్వదేశానికి రాలేదు. 1901లో వియన్నాలో మరణించాడు. వివాహ సందర్భంగా రాజు రాడికల్ ఖైదీలను క్షమించాడు. మూడేళ్ల పాలన నిర్మించినదంతా కొన్ని వారాల్లో చెరిగిపోయింది.

ద్రాగా మొదటి భర్త, వైద్యసంఘం తొలి అధ్యక్షుడైన యోవాన్ మాషిన్ కుమారుడు. ఆ డాక్టరు మరొక కుమారుడు అలెగ్జాండర్ మాషిన్, 1903 జూన్‌లో రాజదంపతులను హతమార్చిన సైనికాధికారుల కుట్రలో ముఖ్యుడు. బెల్‌గ్రేడ్ విద్యావంతుల లోకం ఎంత చిన్నదో దీనినిబట్టి తెలుస్తుంది. మాషిన్, జోర్జెవిచ్ కలిసి స్థాపించిన సంఘం ఈ సంక్షోభాలన్నింటినీ దాటి నిలిచింది. రాజు ఇష్టంపై ఆధారపడిన ప్రభుత్వం రాజు ఇష్టం మారగానే పడిపోయింది.

7. రహస్యాలు - రచనలు:

ఒబ్రెనోవిచ్ వంశం అంతరించాక జోర్జెవిచ్ 'ఒక రాజవంశ పతనం' అనే అర్థమిచ్చే పేరుతో 1905-06లో బృహద్గ్రంథం ప్రచురించాడు. తాను చూసిన అధికారపత్రాలను, ఉత్తరప్రత్యుత్తరాలను అందులో వినియోగించాడు. రాజ్యరహస్యాలను వెల్లడించాడన్న నేరంపై 1906లో ఆయనకు ఆరునెలల కారాగారశిక్ష పడింది. రోగి రహస్యాన్ని కాపాడటం హిపోక్రటీస్ సంప్రదాయంలో తొలి నియమాల్లో ఒకటి. ఆ పేరుతో పుట్టిన వ్యక్తి రహస్యభంగానికి శిక్ష అనుభవించడంలోని వైపరీత్యాన్ని అలా ఉంచితే, చరిత్రరచనకు ఆ గ్రంథం ఆధారసామగ్రిగా ఉపయోగపడుతున్నది. అయితే అది ఆత్మసమర్థన కోసం రాసినదన్న ఎరుకతోనే దానిని చదవాలి.

1913లో లైప్జిగ్ నుండి జర్మన్ భాషలో వెలువడిన 'అల్బేనియన్లు - అగ్రరాజ్యాలు' అనే అర్థం గల గ్రంథం విషయంలో అటువంటి ప్రయోజనం కూడా కనిపించదు. బాల్కన్ యుద్ధాల అనంతరం స్వతంత్ర అల్బేనియా ఏర్పాటును వ్యతిరేకించడానికి రాసిన ఈ పుస్తకంలో ఆయన అల్బేనియన్లను రాజ్యానికి అర్హత లేని ఆదిమజాతిగా చిత్రించాడు. వారిలో పందొమ్మిదవ శతాబ్దంలో కూడా తోకలున్న మనుషులు ఉండేవారనే కట్టుకథను సైతం ప్రచారం చేశాడు. బిల్‌రోత్ శిష్యుడు, మానవ శరీరనిర్మాణం చదివిన వైద్యుడు ఇలా రాశాడు. ఇది అజ్ఞానం కాదు. వృత్తి ఇచ్చిన ప్రామాణ్యాన్ని రాజకీయ ద్వేషానికి అరువివ్వడం. ఆ కాలంలో అందరూ ఇలాగే ఆలోచించారని సమర్థించడానికి వీల్లేదు. సెర్బియాకే చెందిన సోషలిస్టు దిమిత్రియె తుత్సోవిచ్ 1914లో వెలువరించిన తన గ్రంథంలో అల్బేనియా పట్ల సెర్బియా విధానాన్ని, దానికి వత్తాసు పలికిన రాతల ధోరణిని తీవ్రంగా ఖండించాడు.

8. ముగింపు:

జోర్జెవిచ్ 1930లో వియన్నా సమీపంలోని బాదెన్‌లో మరణించాడు. ఆయన ప్రస్థానాన్ని పరిశీలించినప్పుడు తేలే అంశాలివి:

1. వైద్యసంస్కర్తగాను, ప్రధానిగాను ఆయన నమ్మినది ఒకే సూత్రాన్ని: తెలిసినవాడు నిర్ణయించాలి, రాజ్యం అమలు చేయాలి. వైద్యుడు రాజకీయవేత్తగా మారి చెడిపోయాడన్న సాధారణ అభిప్రాయం ఈ కొనసాగింపును మరుగుపరుస్తుంది.

2. సంఘం, పత్రిక, చట్టం, నిధి వంటివి ఆయన అధికారాన్ని నియమాలకు, తోటివారి విమర్శకు లోబరచాయి. అందువల్ల అవి వ్యక్తితో ముడిపడకుండా నిలిచాయి. ప్రధానిగా ఆయన రాజుకు తప్ప మరెవరికీ జవాబు చెప్పనవసరం లేని స్థితిని కల్పించుకున్నాడు. అదే ఆయన పతనానికి కారణమైంది.

3. వృత్తినైపుణ్యం వల్ల లభించే గౌరవం ఆ వృత్తి పాటించే సాక్ష్యనియమాలున్నంతవరకే చెల్లుతుంది. 1913 నాటి గ్రంథం ఆ హద్దు దాటితే ఏమవుతుందో చూపుతుంది.

వ్యవస్థాపకుడుగా ఆయనకు దక్కవలసిన గౌరవాన్ని తగ్గించనవసరం లేదు. కాని ఆ గౌరవం ఆయన పాలనలో శిక్షలు అనుభవించినవారిని, ఆయన రాతలో మనుషులుగా లెక్కకు రాని ప్రజలను చరిత్ర నుండి తప్పించేదిగా ఉండకూడదు. నిపుణుల చేతికి రాజ్యాన్ని అప్పగిస్తే చాలునన్న ఆలోచన తరచు వినిపించే నేటి కాలంలోనూ, నిపుణుణ్ణి ప్రశ్నించేవారు ఎవరన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయమని ఈ జీవితచరిత్ర తెలియజేస్తున్నది.